దుమ్ముకూ ఒక లెక్క ఉంది

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పింఛను దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కని స్పష్టమైంది. ఆ తీర్పు గురించీ, కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదికమీదే ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వేరు. "మీరు ముప్ఫై నాలుగేళ్ళు సివిల్ పనుల్లో గడిపారు గదా, మనవాళ్ళను వేధిస్తున్న ఈ కట్టుబడి దుమ్ము గురించి చెప్పండి, గాలిని శుభ్రంచేసే మిషన్లు కొనాలా వద్దా, కొంటే ఎంత సైజువి కొనాలి, అదీ చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ప్రతి నవంబరులోనూ బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకునే మనకు ఊపిరి సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా లెక్క చెప్పవలసి ఉంది, చెప్తాను.

మనలో చాలామంది ఉద్యోగంలో ఉన్నప్పుడు ఊరి చివర స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు ఆ ఇళ్ళ చుట్టూ అయిదంతస్తుల భవనాలు లేస్తున్నాయి. ఫ్లాట్లలో ఉన్నవారి ఇబ్బంది ఇంకో రకం. పై ఫ్లాటు చేతులు మారుతుంది, కొత్తగా వచ్చినవారు టైల్సు పీకించి గ్రానైటు వేయిస్తారు, గోడలు కొట్టించి వంటగది మార్పిస్తారు. రెండు నెలలపాటు మెట్లమీద, కిటికీ ఊచలమీద, పూజగదిలో పటాలమీద కూడా తెల్లని పొడి. ఉబ్బసం ఉన్నవారికి రాత్రి నిద్ర ఉండదు.

దుమ్ములో రెండు రకాలు

కంటికి కనిపించే దుమ్ము వేరు, ప్రాణానికి ముప్పు తెచ్చే దుమ్ము వేరు. దుమ్ము రేణువులను మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. అంత లావు రేణువు లేచినా తొందరగానే కిందపడుతుంది, ముక్కులోకి వెళ్ళినా తుమ్ముతో బయటికి వస్తుంది. నాలుగు మైక్రాన్లకు లోపు రేణువులు కంటికి కనబడవు, తుమ్ముకు లొంగవు, ఊపిరితిత్తుల చివర ఉండే గాలి తిత్తులదాకా వెళ్ళి అక్కడే ఉండిపోతాయి. ఒక్క మైక్రాను సైజు రేణువు గాలి కదలని గదిలో సైతం మనిషి ఎత్తునుంచి నేలకు చేరడానికి గంటలు పడుతుంది. అంచేత పని ఆగింది, దుమ్ము సర్దుకుంది అని మనం అనుకునే వేళకు గదిలో మిగిలి ఉన్నది అసలు ప్రమాదకరమైన భాగమే.

దానికితోడు ఆ దుమ్ము దేనినుంచి వచ్చిందో చూడాలి. ఇసుక, కాంక్రీటు, ఇటుక, గ్రానైటు, వీటన్నిటిలో సిలికా ఉంటుంది. పాలరాయిలో బాగా తక్కువ. వంటగది గట్లకు వేసే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో చాలావాటిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా సిలికాయే. ఆ పలకలు కోసే యువకులకు జబ్బులు రావడం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. ఊపిరితిత్తుల్లో చేరిన సిలికా సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బుకు నయంచేసే మందు లేదు. క్షయ రావడానికి అది దారి వేస్తుంది. సిలికా పొడి మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే నిర్ధారించింది.

చదరపు అడుగులతో వచ్చిన చిక్కు

మన సభ్యులొకరు కింది ఫ్లాటులో పని మొదలుకాగానే బజారుకు వెళ్ళి గాలి శుభ్రంచేసే మిషను ఒకటి తెచ్చుకున్నారు. "అయిదువందల చదరపు అడుగులకు సరిపోతుంది సార్" అన్నాడట దుకాణదారు. వారం తిరక్కుండా ఫిల్టరు మూసుకుపోయింది, దగ్గు తగ్గలేదు. మిషను మంచిదే, దుకాణదారు చెప్పినది అబద్ధమూ కాదు. కాకపోతే అది రోజువారీ ఇంటి గాలికి వేసిన లెక్క. కట్టుబడి దుమ్ముకు వేరే లెక్క వేయాలి.

ఆ లెక్కలో మొదటి మెట్టు ఇది. మనం పీల్చేది నేలను కాదు, గదిలోని గాలిని. కాబట్టి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ గుణించాలి. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలు తీసుకుందాం. మొత్తం 3,000 ఘనపుటడుగుల గాలి. ఈ గాలి అంతా గంటకు ఎన్నిసార్లు ఫిల్టరు గుండా పోవాలన్నది రెండో ప్రశ్న. ఆస్‌బెస్టాస్ తీసే పనుల్లో చుట్టూ మూసిన ఆవరణలో గంటకు కనీసం నాలుగుసార్లు గాలి మారాలని అమెరికాలోని కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం పెట్టింది. గాలిద్వారా అంటే జబ్బులున్న రోగులను ఉంచే కొత్త ఆసుపత్రి గదులకు పన్నెండు అంటారు. రాళ్ళు కోసే, గోడలు చెక్కే గదికి నేను పది పట్టుకుంటాను.

3,000ను 10తో గుణిస్తే గంటకు 30,000 ఘనపుటడుగులు. 60తో భాగిస్తే నిమిషానికి 500. మిషను మీద సీఎఫ్‌ఎం అని రాసి ఉండేది దీన్నే, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. కొన్ని మిషన్లమీద గంటకు ఘనపు మీటర్లలో రాస్తారు. ఒక సీఎఫ్‌ఎం అంటే గంటకు 1.7 ఘనపు మీటర్లు. మన మిత్రుడు తెచ్చుకున్న మిషను గంటకు 300 ఘనపు మీటర్లది, అంటే సుమారు 176 సీఎఫ్‌ఎం. ఈ హాల్లో పెడితే గంటకు మూడున్నర సార్లు మాత్రమే గాలి మారుతుంది. పది కావలసినచోట మూడున్నర!

మూడో మెట్టు మరవకూడదు. డబ్బా మీద రాసిన అంకె కొత్త ఫిల్టరుతో, గొట్టం తగిలించకుండా కొలిచినది కావచ్చు. దుమ్ము పట్టేకొద్దీ, గొట్టానికి వంపులు పెరిగేకొద్దీ గాలి తగ్గిపోతుంది. మన బేసిక్కు మీద కమ్యుటేషను కోత పడ్డట్టు దీనికీ కోత పడుతుందన్నమాట. నేను నాలుగో వంతు తీసేసి లెక్క వేస్తాను. చేతికి 500 రావాలంటే డబ్బా మీద 667, అంటే 700 దగ్గరి మిషను కావాలి. ఒక పెద్దదానికి బదులు 350వి రెండు తీసుకుంటే ఇంకా మేలు. ఒకటి మూలన పడినా రెండోది పనిచేస్తుంది, గదికి రెండు మూలల్లో పెట్టుకోవచ్చు.

ఫిల్టరు సంగతి కూడా చెప్పాలి. హెపా అనే ఫిల్టరు 0.3 మైక్రాను రేణువులను నూటికి 99.97 పాళ్ళు పట్టేస్తుంది. అది ఖరీదైనది, కాబట్టి దాని ముందు చవకైన ముందు ఫిల్టరు తప్పనిసరిగా ఉండాలి. లావు దుమ్మును అది ఆపితే హెపా ఎక్కువకాలం మన్నుతుంది. పని జరుగుతున్నన్నాళ్ళూ ముందు ఫిల్టరును రోజూ చూసుకుని, మురికిపడితే మార్చాలి. ఇంకో మాట, హెపా పెయింటు వాసనను, థిన్నరు వాసనను ఆపదు. దానికి బొగ్గు ఫిల్టరు వేరే ఉండాలి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది, అందులో ఉండే జాలీ ఈ సన్నని దుమ్మును పట్టదు.

మిషను ఎంత పెద్దదైతే చాలు?

ఇంతవరకు చెప్పిన లెక్క చూసి, "సరే, 700 సీఎఫ్‌ఎం మిషను పెట్టించేస్తే గొడవ వదిలిపోతుంది" అనుకోవద్దని మనవి. ఇంకో లెక్క ఉంది. నా ప్రసంగానికి అదే ప్రాణం.

ఆ హాల్లో ఒక కుర్రవాడు గ్రైండరుతో గ్రానైటు పొడిగా కోస్తున్నాడనుకుందాం. ఉదాహరణకోసం నిమిషానికి వంద మిల్లీగ్రాముల సన్నని దుమ్ము లేస్తోందనీ, అందులో నూటికి ముప్ఫై పాళ్ళు సిలికా అనీ అనుకుందాం. మన మిషను నిమిషానికి 500 ఘనపుటడుగులు, అంటే సుమారు 14 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలినిస్తుంది. వందను పధ్నాలుగుతో భాగిస్తే ఘనపు మీటరుకు ఏడు మిల్లీగ్రాముల దుమ్ము, అందులో సిలికా 2,100 మైక్రోగ్రాములు. ఓషా 2016లో చేసిన నియమం ప్రకారం ఎనిమిది గంటల పనిదినానికి సగటున 50 మైక్రోగ్రాములు దాటకూడదు. 2,100 ఎక్కడ, 50 ఎక్కడ? నలభై రెండు రెట్లు! మిషను సైజు పెంచి దీన్ని దించాలంటే 21,000 సీఎఫ్‌ఎం కావాలి. ఆ హాల్లో గాలి నిమిషానికి ఏడుసార్లు మారాలి. అది గది అనిపించుకోదు, తుపాను అనిపించుకుంటుంది.

అదే గ్రైండరు బ్లేడుకు తొడుగు వేసి, ఆ తొడుగుకు పీల్చే మిషను తగిలిస్తే ఏమవుతుందో చూడండి. పుట్టినచోటే నూటికి తొంభై అయిదు పాళ్ళు పట్టేసిందనుకుందాం. గదిలోకి వచ్చేది నిమిషానికి అయిదు మిల్లీగ్రాములే. అదే 500 సీఎఫ్‌ఎం గాలితో సిలికా 106 మైక్రోగ్రాములకు దిగుతుంది. ఎనిమిది గంటల్లో నికరంగా కోసేది రెండు గంటలైతే రోజు సగటు 26, అంటే హద్దులో సగం. మిషను మార్చలేదు, దుమ్మును పుట్టినచోట పట్టుకున్నాం, అంతే. కుళాయి కట్టకుండా నేల తుడిచినంతకాలం తుడుపుగుడ్డ ఎంత పెద్దదైనా చాలదు గదా!

తొడుగుకు తగిలించే పీల్చే మిషనుకు కూడా లెక్క సులువే. బ్లేడు వ్యాసం అంగుళానికి 25 సీఎఫ్‌ఎం చొప్పున అని అదే ఓషా నియమం చెబుతుంది. నాలుగంగుళాల గ్రైండరుకు 100 సీఎఫ్‌ఎం, అయిదంగుళాలదానికి 125. ఫిల్టరు నూటికి 99 పాళ్ళయినా పట్టేది ఉండాలి. ఇల్లు ఊడ్చుకునే మామూలు వాక్యూమ్ క్లీనరు ఈ పనికి పనికిరాదు. లావు పొడి సంచిలో ఉంచి సన్నపొడి వెనకనుంచి గదిలోకే వదులుతుంది.

మరో దారి నీళ్ళు. నీరు ధారగా పడుతూ కోసే మిషన్లు ఉన్నాయి. అయితే నీళ్ళకోసం తయారుకాని చేతి గ్రైండరు మీద చెంబుతో నీళ్ళు పోయించవద్దు, కరెంటు కొడుతుంది. నీటితో కోసేదానికే అనువైన మిషను, లైనుకు ఈఎల్‌సీబీ, రెండూ ఉండాలి.

నీళ్ళు లేకపోతే ఏమవుతుందో లోకం చూసింది. అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలోని హాక్స్ నెస్ట్ అనేచోట 1930, 31 సంవత్సరాల్లో సిలికా నిండిన కొండలో సొరంగం తవ్వారు. నీళ్ళు వాడకుండా పొడిగా డ్రిల్లింగ్ చేయించారు. పనివాళ్ళలో ఎక్కువమంది పొట్టకూటికి దూరంనుంచి వచ్చిన నల్లజాతివారు. తర్వాత 1936లో అమెరికా కాంగ్రెసు ఉపసంఘం విచారణ జరిపింది. మృతుల సంఖ్య 764 ఉండవచ్చని డాక్టర్ మార్టిన్ చెర్నియాక్ 1986లో తన పుస్తకంలో అంచనా వేశారు. అక్కడ కావలసింది పెద్ద పరిజ్ఞానమేమీ కాదు. డ్రిల్లు మొనకు నీటి ధార, సొరంగంలోకి చాలినంత గాలి.

ఆరుబయట ఈ మిషన్లు పనికొస్తాయా?

పక్క స్థలంలో పెద్ద భవనం లేస్తోంది, బయటే పెద్ద మిషను పెట్టిస్తే పోదా అని కొందరు అడుగుతున్నారు. ఢిల్లీలో కన్నాట్ ప్లేస్ దగ్గర 2021 ఆగస్టులో 24 మీటర్ల స్మాగ్ టవర్ ప్రారంభించారు. సెకనుకు వెయ్యి ఘనపు మీటర్ల గాలి శుభ్రంచేసేలా కట్టారు. వినడానికి బ్రహ్మాండం. మన లెక్క వేసి చూద్దాం. చదరపు కిలోమీటరు మేర వంద మీటర్ల ఎత్తున ఉన్న గాలి పది కోట్ల ఘనపు మీటర్లు. సెకనుకు వెయ్యి చొప్పున అది ఒకసారి తిరగడానికి లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు. సెకనుకు ఒక్క మీటరు వేగంతో చిరుగాలి వీచినా ఆ కిలోమీటరులోని గాలి పదిహేడు నిమిషాల్లో తరలిపోయి కొత్త మురికి గాలి వచ్చేస్తుంది. వంద మీటర్ల లోపల కూడా కాలుష్యం తగ్గేది నూటికి 17 పాళ్ళేనని ఢిల్లీ కాలుష్య నియంత్రణ సంఘం 2023లో హరిత ట్రిబ్యునల్‌కు తెలిపింది. నాలుగు గోడలు, ఒక కప్పు ఉన్నచోటే గాలి శుభ్రంచేసే మిషనుకు విలువ.

ఆరుబయట చేయవలసినవి వేరు. కేంద్ర ప్రభుత్వం 2018 జనవరిలో ఇచ్చిన నోటిఫికేషనులో దుమ్ము అదుపుకు నియమాలు చెప్పింది. కట్టే భవనం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా పది మీటర్ల ఎత్తున గాలి అడ్డు కట్టాలి, ఇసుక, సిమెంటు కప్పకుండా వదలకూడదు, రాళ్ళు కోయడం, గ్రైండింగు బహిరంగంగా చేయకూడదు. మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఉత్త "దుమ్ము బాధ" అని రాయకుండా ఈ అంశాలు ఒక్కొక్కటీ ఉదహరించండి. కాగితం రాయడంలో మనకంటే అనుభవజ్ఞులెవరు!

ఫ్లాటు సంఘం చేయగలిగినవి

ఇక మన చేతిలో ఉన్న పనులు. చాలా ఫ్లాటు సంఘాల్లో అధ్యక్షులో, కోశాధికారో పెన్షనరే ఉంటారు. ఎవరైనా రిపేర్లకు అనుమతి అడిగినప్పుడు ఈ షరతులు రాతపూర్వకంగా పెట్టండి.

మొదటిది, కోత పని నీటితో గాని, తొడుగు, పీల్చే మిషనుతో గాని జరగాలి.

రెండోది, పని జరిగే గది తలుపుకు పాలిథీన్ పరదా అంచులు అంటించి కట్టాలి. గాలి మిషను గొట్టాన్ని కిటికీగుండా, ఎవరి కిటికీకీ ఎదురుగా లేకుండా, బయటికి పెట్టాలి. అప్పుడు లోపలి గాలి ఒత్తిడి తగ్గి, మెట్లవైపునుంచి గాలి గదిలోకే వెళ్తుంది, దుమ్ము మెట్లమీదికి రాదు. ఇది సరిగా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. పరదా లోపలివైపు ఉబ్బి ఉండాలి. పరదాకు కాస్త ఎడంగా సందు దగ్గర వెలిగించిన అగరువత్తి పట్టుకోండి, పొగ లోపలికి పోవాలి. థిన్నరు వాడుతున్న చోట మాత్రం నిప్పు వద్దు. ఫ్యాను పెట్టి బయటికి ఊదించారో, ఆ దుమ్మంతా మీ ఇంటికే.

మూడోది, మిషను సైజు లెక్క కాంట్రాక్టరునే రాసి ఇమ్మనండి. పొడవు, వెడల్పు, ఎత్తు, గంటకు పది, భాగించు అరవై, పైన కోత. ఎనిమిదో తరగతి చదివే మనవడు కూడా సరిచూడగలడు.

నాలుగోది, కోత ఆపిన వెంటనే మిషను ఆపకూడదు. గంటకు ఆరుసార్లు గాలి మారితే గాలిలోని దుమ్ము నూటికి 99 పాళ్ళు పోవడానికి 46 నిమిషాలు, పన్నెండుసార్లు మారితే 23 నిమిషాలు పడుతుంది. అదీ గాలి బాగా కలుస్తున్నప్పుడు. గంటసేపు నడవనివ్వండి. తర్వాత తడిగుడ్డతో తుడిపించండి, చీపురు తగలనివ్వకండి.

చివరిగా ఒక మాట

మిత్రులారా, ఇంతసేపూ మన ఇబ్బంది గురించే చెప్పుకున్నాం. ఆ దుమ్ము మనకు చేరేది గోడలు, తలుపులు దాటి పలచబడ్డాక. గ్రైండరు పట్టుకున్నవాడికి జానెడు దూరంలోనే లేస్తుంది. పాలమూరునుంచో, శ్రీకాకుళంనుంచో, ఒడిశానుంచో వచ్చిన పాతికేళ్ళ కుర్రవాడు మూతికి రుమాలు కట్టుకుని కూర్చుంటాడు. రుమాలు లావు దుమ్మును ఆపుతుంది, ప్రాణం తీసే దుమ్మును ఆపదు. మా వీధిలో పనిచేస్తున్న ఒక అబ్బాయిని "నీళ్ళతో కోయవచ్చు గదా బాబూ" అని అడిగాను. "నీళ్ళు పోస్తే గీసుకున్న గీత కనబడదు సార్, పని ఆలస్యమైతే మేస్త్రీ కూలి కోస్తాడు" అన్నాడు. అతను చెప్పినది నిజమే. కాబట్టి ఆ ఆలస్యానికి, ఆ తొడుగుకు, ఎన్-95 మాస్కుకు అయ్యే ఖర్చు పని చేయించుకునేవారి అంచనాలో ముందే చేరాలి. కూలివాడి మంచితనం మీద వదిలేది కాదది.

మన సేవకు పింఛను హక్కని 1982లో తేలింది. నెల మొదట్లో అది బ్యాంకులో పడుతుంది. ఆ అబ్బాయికి బ్యాంకులో పడేదేమీ లేదు. అరవయ్యో ఏట అతనికి మిగిలే ఆస్తి ఊపిరితిత్తులే, అవీ మన ఇంటి గ్రానైటుకింద ఖర్చయిపోతున్నాయి. ఈ సంక్రాంతికి ముందు మీలో చాలామంది ఇళ్ళకు రిపేర్లు చేయిస్తారు. మేస్త్రీతో బేరం ఆడేటప్పుడు చదరపు అడుగు రేటు అడగండి, తప్పులేదు. దాంతోపాటు దుమ్ము ఎక్కడ పట్టుకుంటావని కూడా అడగండి. ఆ ప్రశ్న అడిగితే అతనికీ మేలు, మన మనవలకూ మేలు.

 లెక్కలు కావలసినవారు భోజనాల తర్వాత తమ గది కొలతలు పట్టుకుని రండి, కలిసి వేసుకుందాం. సెలవు.